బ్లాగ్‌స్పాట్ నుంచి సొంత సర్వర్‌కి: గిట్‌తో తెలుగు బ్లాగు నడపాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: 2009 నుంచి బ్లాగ్‌స్పాట్‌లో రాసిన మూడు వందల పైచిలుకు తెలుగు పోస్టులున్నాయి, వాటిని సొంత డొమైన్ మీద, సొంత సర్వర్‌లో స్టాటిక్ సైటుగా (ముందే తయారుచేసిన పేజీల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే సైటు) పెట్టుకోవాలి, రాసిందంతా గిట్‌లో (ఫైళ్లలో ప్రతి మార్పునీ చరిత్రగా దాచే టూల్) ఉండాలి, ల్యాప్‌టాప్ నుంచి పుష్ కొట్టగానే, అంటే మార్పుల్ని సర్వర్‌కి పంపగానే, సైటు మారిపోవాలి. సైటు పేజీలు తయారుచేసే టూల్ జెకిలా హ్యూగోనా, ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) చాలా, వీపీఎస్ (నెలవారీ అద్దెకి దొరికే సర్వర్) తీసుకోవాలా అన్నవి మీ సందేహాలు. కమిట్ (మార్పుని చరిత్రలో నమోదు చేయడం), పుష్ వరకు గిట్ వచ్చన్నారు. ఈ పనికి అది చాలు.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోండి, మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. సర్వర్ మీది కాదు, డొమైనూ రాతలూ మీవి. సర్వర్ ఎప్పుడైనా పోవచ్చు, కంపెనీ మూతపడొచ్చు, కార్డు ఎక్స్‌పైర్ అయి బిల్లు కట్టక అకౌంట్ ఆగిపోవచ్చు. ఈ రాత్రి సర్వర్ పోతే రేపు టిఫిన్ టైముకల్లా ఇంకో చోట సైటు లేవాలి, అలా కట్టుకుంటేనే సొంతంగా నడుపుకుంటున్నట్టు. దానికి ఒకటే నియమం: సర్వర్‌లో మాత్రమే ఉండి గిట్‌లో లేనిది ఏదీ ఉండకూడదు. పోస్టులు, థీమ్, బొమ్మలు, ఫాంట్లు, వెబ్ సర్వర్ కాన్ఫిగ్, ఆఖరికి డిప్లాయ్ చేసే (సైటుని సర్వర్‌లో పెట్టే) స్క్రిప్టు కూడా రిపోలో, అంటే గిట్ చూసుకునే ఫోల్డర్‌లో, ఉండాల్సిందే. ఒక చిన్న అక్షరదోషం కోసం సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే ఫైలు దిద్దే అలవాటు మొదలైందంటే, ఆరు నెలల తర్వాత అసలు కాపీ ఏదో మీకే తెలియదు.

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై సంగతి. నేర్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది, పదిమంది చదివే సైటుకి మాత్రం నేను వద్దంటాను. మన దగ్గర చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ సీజీనాట్ వెనక ఉంటుంది, అంటే బయటికి కనిపించే మీ ఐపీ అడ్రస్ మీ ఒక్కరిది కాదు, బయటివాళ్లు నేరుగా మీ ఇంటి మెషీన్‌ని చేరలేరు. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టాలి, లేదంటే బయటినుంచి ఇంటి మెషీన్‌కి దారి ఇచ్చే టన్నెల్ సర్వీసు ఏదో ఒకటి మధ్యలో పెట్టుకోవాలి, అప్పుడు మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడినట్టే. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఎస్‌డీ కార్డు పాడవడం కూడా మామూలే. రాస్ప్‌బెర్రీ పై ఎలాగూ ఉంది కాబట్టి దాన్ని బ్యాకప్‌కి వాడుకోండి, ఎలాగో తర్వాత చెప్తాను.

వీపీఎస్ అంటే భయపడక్కర్లేదు. స్టాటిక్ సైటుకి డేటాబేస్ లేదు, పీహెచ్‌పీ లేదు, ఉన్న ఫైళ్లని ఉన్నట్టు అందించడమే పని. నెలకు నాలుగైదు డాలర్లకు దొరికే చిన్న మెషీన్ చాలు, 1 జీబీ మెమరీ ఉన్నది తీసుకోండి, 512 ఎంబీది తీసుకుంటే ఒక స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) పెట్టుకోండి, ఎందుకంటే బొమ్మల సైజు తగ్గించేటప్పుడు మెమరీ అయిపోయి బిల్డ్ (సైటు పేజీల తయారీ) మధ్యలో చచ్చిపోతుంది. చదివేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఉంటే బెంగళూరు, ముంబై డేటాసెంటర్లు ఉన్న కంపెనీని చూడండి. మీ పాఠకుల్లో సగం అమెరికాలో ఉన్నా కంగారు లేదు, పేజీ తేలిగ్గా ఉంటే ఆ దూరం ఎవరికీ తెలియదు. డొమైన్ మాత్రం హోస్టింగ్ తీసుకున్న కంపెనీ దగ్గరే కొనకండి. రెండూ ఒకే చోట ఉంటే ఆ అకౌంట్‌కి ఏమైనా అయిన రోజు రెండూ కలిసి పోతాయి.

జెకిలా హ్యూగోనా అంటే, మీకు హ్యూగో. జెకిల్ 2008లో గిట్‌హబ్ (గిట్ రిపోలు దాచుకునే వెబ్‌సైటు) వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసింది, బాగా నలిగిన టూల్, చెడ్డదేం కాదు. కానీ దానికి రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి, రూబీ జెమ్స్ (దాని అదనపు ప్యాకేజీలు) కావాలి, రెండేళ్ల తర్వాత కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఆ వెర్షన్లన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి. 2013లో మొదలైన హ్యూగో గో భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు, దించుకుని నడపడమే. మూడు వందల పోస్టులు దానికి లెక్కే కాదు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఒక జాగ్రత్త: హ్యూగో తరచూ మారుతుంది, పాత థీములు కొత్త వెర్షన్‌లో విరిగిపోతాయి. అందుకని ఏ వెర్షన్‌తో మొదలుపెట్టారో రిపోలో రాసిపెట్టి, ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ అదే పెట్టండి. సర్వర్లలో వాడే లైనక్స్ రకం డెబియన్ ప్యాకేజీల్లో వచ్చే హ్యూగో చాలాసార్లు పాతదై ఉంటుంది, దాన్ని నమ్ముకోకుండా మీకు కావాల్సిన వెర్షన్ నేరుగా దించుకోండి.

థీమ్ విషయంలో చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. చాలా థీమ్ పేజీల్లో గిట్ సబ్‌మాడ్యూల్‌గా (వేరే రిపోకి లింకుగా) కలపమని రాసి ఉంటుంది. అలా చేస్తే ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంటుంది, సర్వర్‌లో మామూలు క్లోన్ (రిపో కాపీ తీయడం) సబ్‌మాడ్యూళ్లని తీసుకురాదు కాబట్టి థీమ్ ఫోల్డర్ ఖాళీగా ఉండి సైటు తెల్లగా వస్తుంది. పైగా ఆ థీమ్ రాసినాయన తన రిపో తీసేస్తే మీ సైటు మళ్లీ కట్టలేరు. నా సలహా, థీమ్ ఫైళ్లన్నీ తెచ్చి మీ రిపోలోనే పెట్టేయండి, లైసెన్స్ ఫైలుతో సహా. అప్‌డేట్లు వాటంతటవి రావు, నిజమే, కానీ ఒక బ్లాగుకి నెలనెలా కొత్త థీమ్ అవసరం ఏముంది?

ఇప్పుడు అసలు పని, పుష్ చేస్తే సైటు మారడం. దీనికి పుష్ చేయగానే బిల్డ్ చేసిపెట్టే పెద్ద పెద్ద సీఐ సర్వీసులేవీ అక్కర్లేదు. గిట్ పుట్టిందే (2005లో లైనక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ రాశాడు) ఎవరి మెషీన్‌లో వాళ్లకి పూర్తి కాపీ ఉండేలా, మధ్యలో ఒక పెద్ద సర్వర్ తప్పనిసరి కాకుండా. మీ వీపీఎస్ కూడా ఒక మామూలు రిమోట్ (పుష్ చేసే చోటు) అవుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) ఉంటే చాలు.

సర్వర్‌లో గిట్ అనే పేరుతో విడిగా ఒక యూజర్‌ని పెట్టండి, దానికి కమాండ్లు కొట్టే మామూలు షెల్ బదులు గిట్ పనులే చేయనిచ్చే గిట్-షెల్ ఇవ్వండి, అప్పుడు ఆ యూజర్ లాగిన్ కీ ఎవరి చేతికైనా చిక్కినా సర్వర్‌లో ఇష్టమొచ్చిన కమాండ్లు కొట్టలేరు. తర్వాత ఒక బేర్ రిపో తయారుచేయండి, అంటే పని చేసుకునే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే రిపో. ఇక్కడే చూసుకోవాల్సింది బ్రాంచ్ (రిపో చరిత్రలో ఒక పాయ) పేరు. సర్వర్‌లో గిట్ డిఫాల్ట్‌గా మాస్టర్ అనుకుంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో మెయిన్ ఉంటుంది, మీరు మెయిన్ పుష్ చేస్తారు, సర్వర్‌లో క్లోన్ చేస్తే ఖాళీ ఫోల్డర్ వస్తుంది, ఎర్రర్ కూడా సరిగ్గా కనిపించదు. రిపో తయారుచేసేటప్పుడే మొదటి బ్రాంచ్ పేరు మెయిన్ అని చెప్పేయండి, గిట్ 2.28 వెర్షన్ నుంచి ఆ ఆప్షన్ ఉంది.

ఆ బేర్ రిపోలో హుక్స్ ఫోల్డర్ ఉంటుంది. అందులో పోస్ట్-రిసీవ్ అనే పేరుతో ఒక షెల్ స్క్రిప్టు పెడితే, పుష్ పూర్తయిన ప్రతిసారీ గిట్ దాన్ని నడుపుతుంది. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మర్చిపోవద్దు. అసలు స్క్రిప్టు మీ రిపోలో ఉంచి, సర్వర్‌లో దాని కాపీ పెట్టండి. అది చేయాల్సిన పనులు నేనైతే ఈ వరసలో పెడతాను. వచ్చింది మెయిన్ బ్రాంచేనా అని చూడాలి, కాకపోతే ఊరుకోవాలి, అప్పుడు సగం రాసిన పోస్టుల్ని వేరే బ్రాంచ్‌లో పుష్ చేసి దాచుకోవచ్చు. తర్వాత టైమ్ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి అందులోకి బేర్ రిపో నుంచి క్లోన్ చేయాలి, అక్కడ హ్యూగో నడపాలి, అది ఏ తప్పూ లేకుండా అయితేనే, 'కరెంట్' అనే సిమ్‌లింక్‌ని (ఇంకో ఫోల్డర్‌ని చూపించే గుర్తు) ఈ కొత్త ఫోల్డర్‌లో తయారైన సైటు వైపు తిప్పాలి. వెబ్ సర్వర్ ఎప్పుడూ ఆ 'కరెంట్'నే చూస్తుంది. పాతవాటిలో చివరి మూడు ఉంచి మిగతావి తీసేయాలి. స్క్రిప్టు మొదట్లోనే ఏ కమాండ్ ఫెయిలైనా అక్కడికక్కడే ఆగిపోయేలా సెట్ చేస్తే, పోస్టు పైన రాసే తేదీ, శీర్షికల భాగంలో తప్పుండి బిల్డ్ పడిపోయినా చదివేవాళ్లకి నిన్నటి సైటు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎర్రర్ మెసేజ్ మాత్రం పుష్ చేసిన మీ టెర్మినల్‌లోనే కనిపిస్తుంది.

ప్రతిసారీ కొత్త ఫోల్డర్ ఎందుకు, ఉన్నదాని మీదే బిల్డ్ చేస్తే పోదా అని అనిపిస్తుంది. పోదు. హ్యూగో బిల్డ్‌కి ముందు పాత ఫైళ్లని తీసేయదు. మీరు ఒక పోస్టు డిలీట్ చేసి, కమిట్ చేసి, పుష్ చేసినా దాని హెచ్‌టీఎంఎల్ పాత ఫోల్డర్‌లో అలాగే ఉండి, లింకు తెలిసినవాళ్లకి తెరుచుకుంటూనే ఉంటుంది. ఎవరి గురించో రాసి, వాళ్లు బాధపడితే తీసేశారనుకోండి, తీసేశానని మీరు అనుకుంటారు, అది అక్కడే ఉంటుంది. చిన్న విషయం కాదిది.

హుక్‌లో ఇంకో మెలిక ఉంది. హుక్ నడిచేటప్పుడు గిట్ తన రిపో ఎక్కడుందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (GIT_DIR) సెట్ చేసి పెడుతుంది. దాన్ని అన్‌సెట్ చేయకుండా వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ కమాండ్లు కొడితే అవి అక్కడి రిపోని కాకుండా ఈ బేర్ రిపోనే చూసి వింత వింత ఎర్రర్లు ఇస్తాయి. స్క్రిప్టు రెండో లైనులోనే దాన్ని అన్‌సెట్ చేసేయండి. అలాగే సైటు ఫోల్డర్లని గిట్ యూజర్ హోమ్ డైరెక్టరీలో పెట్టకండి, కొత్త ఉబుంటుల్లో హోమ్ డైరెక్టరీని వేరే యూజర్లు చదవలేరు, వెబ్ సర్వర్ చదివే హక్కు లేదంటూ 403 ఎర్రర్ చూపిస్తుంది. విడిగా ఒక చోట పెట్టి, గిట్ యూజర్‌కి రాసే హక్కు, వెబ్ సర్వర్‌కి చదివే హక్కు ఇస్తే సరి.

తారీఖుల దగ్గర మనవాళ్లందరికీ ఒకసారైనా తగిలే దెబ్బ చెప్తాను. పోస్టు పైన తేదీ, టైము చేత్తో రాస్తే, టైమ్‌జోన్ చెప్పకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైము) అనుకుంటుంది. పొద్దున 9 గంటలకి పోస్టు రాసి 9:00 అని పెట్టారనుకోండి, హ్యూగో లెక్కలో అది మన మధ్యాహ్నం 2:30. భవిష్యత్తు తేదీ ఉన్న పోస్టుల్ని అది డిఫాల్ట్‌గా బిల్డ్ చేయదు. పుష్ సక్సెస్ అంటుంది, పోస్టు కనిపించదు, ఎర్రర్ ఉండదు. 2:30 దాటినా దానంతటది రాదు, మళ్లీ ఎవరో బిల్డ్ చేయాలి. కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఒక్క లైను రాస్తే ఈ టెన్షన్ తీరిపోతుంది.

వెబ్ సర్వర్‌కి క్యాడీ పెట్టుకోండి. ఎంజిన్ఎక్స్ మీకు ఇదివరకే అలవాటుంటే అదే వాడండి, లేకపోతే కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు. క్యాడీ కాన్ఫిగ్ నాలుగైదు లైన్లు: డొమైన్ పేరు, ఫోల్డర్, ఫైళ్లు అందించు, కంప్రెస్ చేయి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది, అదే రెన్యూ చేసుకుంటుంది. ఇది సౌకర్యం మాత్రమే కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ) సర్టిఫికెట్లు మామూలుగా 90 రోజులవి, గడువు దగ్గరపడుతోందని వాళ్లు పంపే ఈమెయిళ్లు 2025లో ఆపేశారు, బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి ఒప్పుకున్న నియమం ప్రకారం 2029 మార్చి నాటికి ఏ పబ్లిక్ సర్టిఫికెట్టూ 47 రోజులు మించి ఉండకూడదు. చేత్తో రెన్యూ చేసే రోజులు పోయాయి. ఫైర్‌వాల్‌లో 22 (ఎస్‌ఎస్‌హెచ్), 80 (హెచ్‌టీటీపీ), 443 (హెచ్‌టీటీపీఎస్) పోర్టులు తెరిచి ఉంచండి, హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని 80 మూసేయకండి, మామూలు అడ్రస్ కొట్టి వచ్చేవాళ్లని 443కి పంపేది అక్కడినుంచే. ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ మాత్రమే ఉంచండి, కానీ పాత విండో మూయకుండా ఇంకో విండోలో కీతో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూసుకున్నాకే.

ఇక మీ పాత పోస్టులు. ఎక్కువ టైము పట్టేది ఇక్కడే, తొందరపడకండి.

బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ తీసుకుంటే అన్ని పోస్టులూ, కామెంట్లూ ఉన్న పెద్ద ఫైలు వస్తుంది. అందులో బొమ్మలు ఉండవు, బొమ్మల లింకులే ఉంటాయి. వాటిని విడిగా దించుకుని లింకులు మార్చకపోతే సొంత సైటు అని పేరే గానీ ఫొటోలన్నీ ఇంకా గూగుల్ నుంచే వస్తుంటాయి. పోస్టుల్ని మార్క్‌డౌన్‌లోకి (చిన్న గుర్తులతో మామూలు టెక్స్ట్‌లా రాసే పద్ధతి) మార్చాలని పట్టుబట్టకండి. 2009-2012 నాటి పోస్టుల్లో వర్డ్ నుంచి అతికించిన చెత్త ట్యాగులు, పద్యాల మధ్య లైన్ బ్రేకులు, పట్టికలు ఉంటాయి, కన్వర్టర్లు వాటిని చిందరవందర చేస్తాయి, ముఖ్యంగా పద్యాల పాదాలు కలిసిపోయి వచనమైపోతాయి. హ్యూగో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లని కూడా పోస్టులుగా తీసుకుంటుంది, పైన తేదీ, శీర్షిక పెడితే చాలు. పాతవి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచండి, కొత్తవి మార్క్‌డౌన్‌లో రాయండి. మార్క్‌డౌన్ ఫైల్లోనే హెచ్‌టీఎంఎల్ ముక్కలు కలిపితే మాత్రం హ్యూగో డిఫాల్ట్‌గా వాటిని తీసేస్తుంది, కాన్ఫిగ్‌లో అనుమతిస్తేనే ఉంచుతుంది.

లింకుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్‌కి దాంట్లోంచి లింకు తయారుచేయడం రాదు, అందుకే మన పాత పోస్టులన్నీ బ్లాగ్-పోస్ట్ అండర్‌స్కోర్ 12 డాట్ హెచ్‌టీఎంఎల్ లాంటి పేర్లతో మిగిలిపోయాయి. అందంగా లేవని వాటిని మార్చొద్దు. ప్రతి పోస్టుకీ పాత దారినే, సంవత్సరం, నెల, ఆ పేరుతో సహా, హ్యూగోలో యూఆర్ఎల్‌గా రాసేయండి. డొమైన్ మాత్రమే మారి దారి అదే ఉంటే, బ్లాగర్ థీమ్‌లో చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టి ప్రతి పాత పేజీ పైనా 'ఈ పోస్టు ఇక్కడికి మారింది' అని సరైన కొత్త లింకు చూపించొచ్చు, మూడు వందల పోస్టులకి ఒక్కొక్కటిగా రాసే పని తప్పుతుంది. కూడలి, హారం, మాలిక లాంటి అగ్రిగేటర్ల (తెలుగు బ్లాగుల పోస్టుల్ని ఒకచోట చూపించిన సైట్లు) కాలం నుంచి ఫీడ్ (కొత్త పోస్టుల్ని రీడర్ యాప్‌లకి అందించే ఫైలు) ద్వారా చదివేవాళ్లు మీకు కొందరైనా ఉండి ఉంటారు. బ్లాగర్ సెట్టింగుల్లో పోస్టుల ఫీడ్‌ని వేరే అడ్రస్‌కి మళ్లించే సౌకర్యం ఉంది, అక్కడ హ్యూగో ఫీడ్ అడ్రస్ ఇవ్వండి. హ్యూగో ఫీడ్‌లో డిఫాల్ట్‌గా సారాంశమే వస్తుంది, పూర్తి పోస్టు వచ్చేలా టెంప్లేట్ మార్చండి, ఫీడ్‌లో చదివేవాళ్లని సగంలో ఆపడం బాగోదు.

కొత్త పోస్టులకి ఫైలు పేరూ లింకూ రోమన్ అక్షరాల్లో పెట్టమంటాను. తెలుగు మీద చిన్నచూపుతో అనడం లేదు. తెలుగు లింకులు పనిచేస్తాయి, కానీ కాపీ చేసి పంపితే ఒక్కో అక్షరసంకేతం తొమ్మిది గుర్తులవుతుంది, 'తెలుగు' అన్న ఒక్క మాటే 54 గుర్తులు, వాట్సాప్‌లో పంపితే అది లింకు అని కూడా ఎవరూ అనుకోరు. ఫైలు పేర్లతో ఇంకో చిక్కు: ఐత్వం కంప్యూటర్‌లో రెండు రకాలుగా నిల్వ కావచ్చు, ఒకే సంకేతంగానో, ఎత్వం పక్కన ఇంకో గుర్తుగానో, చూడటానికి రెండూ ఒకటే. మ్యాక్‌కీ లైనక్స్‌కీ మధ్య తిరిగేటప్పుడు ఒకే ఫైలు రెండు ఫైళ్లుగా కనిపించే గొడవ అక్కడినుంచే వస్తుంది. ఇదివరకే తెలుగు పేర్లతో ఫైళ్లుంటే గిట్ స్టేటస్‌లో 340, 260 అంటూ బారెడు అంకెలు కనిపిస్తాయి, కంగారు పడకండి, గిట్ కాన్ఫిగ్‌లో కోట్‌పాత్ అనేదాన్ని ఆఫ్ చేస్తే తెలుగులోనే చూపిస్తుంది.

పోస్టు రాసేటప్పుడు ఒక్కో వాక్యాన్ని ఒక్కో లైనులో రాయడం అలవాటు చేసుకోండి. మార్క్‌డౌన్ వాటిని కలిపి ఒకే పేరాగా చూపిస్తుంది, కానీ గిట్ తేడాని లైను లెక్కన చూస్తుంది కాబట్టి ఏ వాక్యం మార్చారో స్పష్టంగా తెలుస్తుంది. పేరా అంతా ఒకే లైనులో ఉంటే ఒక వత్తు దిద్దినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తుంది, అప్పుడు మాటల లెక్కన తేడా చూపించే వర్డ్-డిఫ్ ఆప్షన్ వాడాలి. పదేళ్ల తర్వాత ఒక కథలో ముగింపు ఎప్పుడు ఎలా మార్చారో వెనక్కి వెళ్లి చూసుకోవడం రాసేవాళ్లకి ఎంత విలువైందో నేను చెప్పక్కర్లేదు. నాకు గిట్ మీద ఇంత ఇష్టం ఉండటానికి పెద్ద కారణం అదే.

ఫొటోలు ఫోన్‌లోంచి తీసినవి తీసినట్టు కమిట్ చేయకండి. ఒకసారి చరిత్రలోకి వెళ్లిన ఫైలు తర్వాత డిలీట్ చేసినా రిపోలో అలాగే ఉండి బరువు పెంచుతుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకి తగ్గించి, అందులోని లొకేషన్ సమాచారం తీసేసి అప్పుడు కలపండి. పోస్టు ఫోల్డర్‌లో ఉన్న అసలు బొమ్మ కూడా సైటులోకి వెళ్తుంది, ఇంట్లో తీసిన ఫొటోలో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉంటే అవీ దాంతో వెళ్తాయి.

తెలుగు చూపించడానికి పెద్దగా చేయాల్సిందేం లేదు. భాష కోడ్ తెలుగు అని కాన్ఫిగ్‌లో పెట్టండి, లైన్ హైట్ 1.7కి తగ్గకుండా చూడండి, లేకపోతే కింది లైను గుడులు పై లైను వత్తుల్ని తాకుతాయి, ఇంగ్లీషు థీముల్లో శీర్షికలకి లెటర్-స్పేసింగ్ పెడతారు, దాన్ని తీసేయండి. ఫాంట్ కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు, మండలి లాంటివి మీ సర్వర్ నుంచే ఇవ్వండి, వద్దనుకుంటే ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే తెలుగు ఫాంట్లే ఇప్పుడు బాగుంటున్నాయి.

బ్యాకప్ గురించి చెప్తానన్నాను. గిట్‌లో ప్రతి క్లోన్‌లోనూ పూర్తి చరిత్ర ఉంటుంది, కాబట్టి బ్యాకప్ అంటే ఇంకో రిమోట్ కలపడమే. ఒకే పుష్‌తో రెండు చోట్లకి వెళ్లేలా రిమోట్‌కి రెండు పుష్ అడ్రస్‌లు ఇవ్వొచ్చు, కానీ మొదటిది కలపగానే అసలు అడ్రస్ స్థానంలో అది వచ్చి కూర్చుంటుంది, అందుకని రెండిటినీ విడివిడిగా కలపండి. రెండోది గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపో కావచ్చు, కానీ దాన్నే ఏకైక దిక్కు చేసుకోవద్దు. 2014 డిసెంబరు చివర్లో మన టెలికాం శాఖ ఆదేశంతో 32 సైట్లు ఆగిపోయినప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్, విమియోలతో పాటు గిట్‌హబ్ గిస్ట్ పేజీలు (కోడ్ ముక్కలు పంచుకునేవి) కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మీ రాస్ప్‌బెర్రీ పైకి పని ఇక్కడ దొరుకుతుంది, రోజుకోసారి వీపీఎస్ నుంచి ఫెచ్ చేసుకునేలా పెట్టండి. అది బయటికి వెళ్లి తెచ్చుకునేదే కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు, కరెంటు పోయినా మర్నాడు తెచ్చుకుంటుంది.

అంతా కుదిరాక, డొమైన్‌ని కొత్త సర్వర్ వైపు తిప్పకముందే ఒక పని చేయండి. ఆ వీపీఎస్‌ని డిలీట్ చేసేసి, రిపోలో మీరు రాసుకున్న సూచనలు మాత్రమే చూస్తూ ఇంకో కొత్త మెషీన్ మీద సైటు మొత్తం మళ్లీ లేపండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఏదో రిపోలోకి రాలేదన్నమాట, దాన్ని చేర్చి మళ్లీ మొదటినుంచి. ఎక్కడా ఆగకుండా ఒక గంటలో అయ్యాక డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు) మార్చండి, మార్చేముందు రోజే టీటీఎల్ (పాత రికార్డుని మిగతావాళ్లు గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకి తగ్గించి పెట్టుకోండి. బ్లాగ్‌స్పాట్‌లోని పాత బ్లాగుని మాత్రం డిలీట్ చేయొద్దు, 2009 నుంచి ఎవరెవరో ఇచ్చిన లింకులన్నీ ఇంకా అక్కడికే వస్తుంటాయి.